జవాబు చాలదు, హేతువు వలయును

వేసవిలో ప్రవేశపరీక్షలు జరుగు దినములందు మడికొండ మీదుగా కాజీపేటకును హనుమకొండకును పోవు హైదరాబాదు బాటను గమనించువారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. పరీక్షాకేంద్రముల నుండి బాలబాలికలు గుంపులు గుంపులుగా వెలికి వచ్చుచుందురు. తల్లిదండ్రులు మంచినీళ్ల సీసాలు చేతబట్టుకొని ఎదురేగుదురు. ఆ నీరు గొంతు దిగకమునుపే పిల్లలు ఒకరినొకరు అడుగు మాట ఒక్కటే: “గా లెక్కకు నీకెంతొచ్చిందిరా?” కంప్యూటరు పరీక్షయగుటచే ప్రశ్నపత్రము ఎవరి చేతను ఉండదు. చిత్తులెక్కల కాగితము సయితము లోపలనే ఒప్పగించి రావలయును. కావున జ్ఞాపకమున నిలిచిన ప్రశ్నలనే చెప్పుకొనుచు, అరచేతిపై వ్రేలితో గీతలు గీయుచు, బస్సు వచ్చువఱకు వాదించుకొనుచుందురు.

పెద్దలనేకులు దీనిని మెచ్చరు. “అయిపోయిన పెండ్లికి మేళమెందుకు? ఇంటికి నడువుము” అని గదుముదురు. కొందఱు ఉపాధ్యాయులు సయితము, ఇట్టి చర్చ వలన మనసు చెడి తరువాతి పరీక్ష పాడగునని హెచ్చరింతురు. వారి భయము నిష్కారణమైనది కాదు. తాను వ్రాసినది తప్పని తెలిసిన బాలుని ముఖము క్షణములో వాడిపోవుట మనమెల్లరము చూచినదే. అయినను ఈ విషయమున మేము పిల్లల పక్షమున నిలువగోరుచున్నాము. పరీక్ష ముగిసిన పిదప జవాబులు పోల్చుకొనుట దోషము కాదు. ఈ పరీక్షల యంత్రమంతటిలో విద్యయని చెప్పదగినది మిగిలియున్న తావు అదియొక్కటే కావచ్చును. దోషమున్నది మఱియొక చోట. అది యెక్కడనో నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

పోలికలో రెండు భాగములు కలవు. మొదటిది లెక్కించుట: నాకెన్ని వచ్చినవి, నీకెన్ని వచ్చినవి యనునది. రెండవది తర్కించుట: నీ జవాబు ఎట్లు వచ్చినది, నాదేల తప్పినది యనునది. బాట ప్రక్క నిలిచి ఇద్దఱు మిత్రులు ఒక భౌతికశాస్త్రపు లెక్కను గూర్చి పది నిమిషములు వాదించుకొన్నచో, ఆ పది నిమిషములలో వారు నేర్చుకొన్నది రెండేండ్ల కోచింగులో నేర్చినదానికంటె గట్టిగా నిలుచును. ఏలయన అప్పుడు వారికి కారణము తెలిసికొనవలయునను ఆకలి యుండును. మన పూర్వులు శాస్త్రమును వాదము చేత నేర్చిరి. పూర్వపక్షము చెప్పనిదే సిద్ధాంతము చెప్పుట మన సంప్రదాయము కాదు. ఆ సంప్రదాయపు చివరి తునక నేడు పరీక్షాకేంద్రపు గేటు వెలుపల, టీకొట్టు నీడలో నిలిచియున్నది.

అట్టి చర్చకు ప్రభుత్వ విద్యాసంస్థల నుండి లభించుచున్న ప్రత్యుత్తరమేమి? కొన్ని దినములకు అంతర్జాలములో ఒక పట్టిక వెలువడును. ప్రశ్న సంఖ్య, దాని యెదుట సరియైన జవాబు సంఖ్య, అంతే. దానికి ‘కీ’ అని పేరు. కీ యనగా తాళపుచెవి. తలుపు తెఱచుటకు ఏర్పడిన ఈ తాళపుచెవి తలుపును మూయుచున్నది. మూడవ జవాబే యేల సరియైనది, రెండవది యేల తప్పు అని అడిగిన పిల్లవానికి ఆ పట్టిక ఒక్క మాటయు చెప్పదు. రెండేండ్ల శ్రమపై తీర్పు వచ్చినది. ఆ తీర్పునకు హేతువు లేదు. న్యాయస్థానములలో జీవితము గడుపుచున్న మాకు ఇది వింతగా తోచుచున్నది. పొలము గట్టు తగాదాలో మునిసిఫు కోర్టు ఇచ్చు తీర్పు సయితము కారణములు చెప్పవలయును. కారణము చెప్పని తీర్పు పై కోర్టులో నిలువదు. లక్షల బిడ్డల భవిష్యత్తును నిర్ణయించు తీర్పునకు మాత్రము ఆ ధర్మము వర్తింపదా?

ఈ పరీక్షల తీరు ఎఱుగనివారి కొఱకు కొంత వివరింపవలసియున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఇంజనీరింగు, వ్యవసాయ, వైద్య విద్యల ప్రవేశమునకు ఎంసెట్ అను పరీక్ష 1986 నుండి జరుగుచు వచ్చినది. రాష్ట్రము వేఱుపడిన పిదప 2015 నుండి తెలంగాణము తన పరీక్షను తానే జరుపుకొనుచున్నది. వైద్యవిద్య నీట్ అను అఖిల భారత పరీక్ష క్రిందికి పోయినందున 2024లో దీని పేరు ఈఏపీసెట్ అని మార్చిరి. ఉన్నత విద్యామండలి పక్షమున జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము దీనిని జరుపును. ప్రశ్నలు 160, కాలము 180 నిమిషములు. అనగా ప్రశ్నకు అఱువదియేడున్నర సెకనులు. తప్పు జవాబునకు మార్కు తగ్గింపరు గనుక తెలియని ప్రశ్నకును ఏదో యొకటి గుర్తించి వచ్చుట అందఱికిని అలవాటు. నీట్ పరీక్షలో అట్లు కాదు. సరియైన జవాబునకు నాలుగు మార్కులు వచ్చును. తప్పునకు ఒకటి పోవును. అక్కడ ఒక్క ప్రశ్న తప్పినవానికిని ఒప్పినవానికిని నడుమ అంతరము అయిదు మార్కులు.

ఇదివఱకు ఒక ఊరి పిల్లలందఱును ఒకే దినమున ఒకే పత్రమును వ్రాసెడివారు. కాబట్టి వారి పోలికకు అర్థముండెను. తెలంగాణ ఎంసెట్ 2018 నుండి కంప్యూటరు మీద జరుగుచున్నది. పరీక్ష పలు దినములు, ఉదయము ఒక విడత, మధ్యాహ్నము ఒక విడతగా సాగును. విడతకొక పత్రము. ఒకే బల్లపై చదివిన ఇద్దఱు మిత్రులు వేర్వేఱు పత్రములు వ్రాసి వత్తురు. ఒక పత్రము సులభము, మఱియొకటి కఠినము కావచ్చును. ఆ వ్యత్యాసమును సవరించుటకు నార్మలైజేషను అను గణితపద్ధతిని అనుసరించుచున్నారు. ఏ విడత సగటు ఎంత, మార్కులు ఎంత దూరము చెదరినవి అని లెక్కగట్టి, అందఱి మార్కులను ఒక్క కొలతకు తెత్తురు. పద్ధతి దోషము కాదు. పత్రములు వేఱైనప్పుడు అట్టిది తప్పదు. కాని దీని వలన ఒక ఫలితము కలిగినది. ఒక విడతలో ఒక ప్రశ్నకు కీ తప్పైనచో ఆ విడత సగటు మారును. సగటు మారినచో ఆ ప్రశ్నను కంటితోనైన చూడని వేఱొక విడత బాలుని ర్యాంకు సయితము కదలును. తప్పు ఒక్కటి, దాని నీడ అందఱిపై బడును. కీ విషయమున ఇంతకు పూర్వము లేని జాగరూకత ఇప్పుడు వలయునని చెప్పుటకు ఇది చాలదా?

2024లో జరిగిన నీట్ వృత్తాంతమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆ యేడు మే 5వ తేదీన ఇరువదిమూడు లక్షలకు మించిన విద్యార్థులు దేశమంతట ఆ పరీక్షను వ్రాసిరి. జూను 4న ఫలితములు వెలువడగా 67 మందికి 720కి 720 మార్కులు వచ్చినవి. దేశము నివ్వెఱపోయెను. అందు 44 మందికి ఆ పూర్ణాంకములు వచ్చుటకు కారణము ఒకే ఒక భౌతికశాస్త్రపు ప్రశ్న. పరమాణువులను గూర్చి రెండు వాక్యములిచ్చి ఏది సత్యమో చెప్పుమనిరి. ప్రతి మూలకము యొక్క పరమాణువులును స్థిరమైనవి యనునది రెండవ వాక్యములోని మాట. పాఠ్యపుస్తకపు పాత కూర్పులో ‘ప్రతి మూలకము’ అని యున్నది. కొత్త కూర్పులో దానిని ‘అధికభాగము మూలకములు’ అని దిద్దిరి. రేడియము, యురేనియము వంటి వాని పరమాణువులు తమంతట తామే విచ్ఛిన్నమగుచుండును గనుక దిద్దుబాటే శాస్త్రసమ్మతము. పరీక్షాసంస్థ మొదట నాల్గవ జవాబొక్కటే సరియని ప్రకటించి, ఆక్షేపణలు వచ్చిన పిదప రెండవదియు నాల్గవదియు రెండును సరియనెను. సుప్రీము కోర్టు ఢిల్లీ ఐఐటీ నుండి ముగ్గురు నిపుణులను పిలిపించి అడుగగా నాల్గవదియే సరియని వారు తేల్చిరి. జూలై 23న కోర్టు ఆ ప్రకారమే ఆజ్ఞాపించెను. రెండవ జవాబును గుర్తించిన నాలుగు లక్షలకు పైబడిన విద్యార్థులకు అయిదేసి మార్కులు పోయినవి. సవరించిన ఫలితములలో పూర్ణాంకములు నిలిచినవారు 17 మంది మాత్రమే.

పాఠకులు ఒక్క క్షణము యోచింతురుగాక. పాత కూర్పును చదివినవారెవరు? అన్న చదివిన పుస్తకమును తమ్ముడు, అక్క చదివినదానిని చెల్లెలు చదువుట మన ఇండ్లలో సహజము. పాత పుస్తకముల అంగడిలో సగము వెలకు కొనువారును కలరు. వారు చదివినది ప్రభుత్వమే అచ్చొత్తించిన పుస్తకము. కోర్టు తీర్పు శాస్త్రరీత్యా సరియైనదే. అసత్యమును సత్యమనుట ఎవరికిని తగదు. మా ఆక్షేపణ వేఱు. ఈ ప్రశ్నను గూర్చిన కారణము పరీక్ష జరిగిన డెబ్బది తొమ్మిది దినములకు, దేశపు అత్యున్నత న్యాయస్థానము బలవంతము చేసి అడిగిన పిదప గాని బయటపడలేదు. ‘ప్రతి’కిని ‘అధికభాగము’నకును గల భేదమిది, అణుధార్మిక మూలకములు స్థిరమైనవి కావు, ఫలాని కూర్పులో ఫలాని పుట చూడుము అని మొదటి కీతోనే రెండు పంక్తులు వ్రాసియుండినచో, ఆ సంస్థ తన జవాబును తానే మార్చుకొనవలసిన అవస్థ వచ్చియుండునా? లక్షల కుటుంబములు జూను, జూలై మాసములు నిద్రలేక గడిపియుండునా?

హేతువు చెప్పుట అటుండ, ప్రస్తుతపు పద్ధతి ప్రశ్నించువానినే దండించుచున్నది. నీట్ 2024లో ఒక్కొక్క ప్రశ్నపై ఆక్షేపణ తెలుపుటకు రెండు వందల రూపాయలు చెల్లింపవలసియుండెను. ఆ సొమ్ము తిరిగి యీయరు. ఆక్షేపణ అంగీకరించిరో త్రోసివేసిరో విద్యార్థికి విడిగా తెలుపరు. తుదికీ వెలువడిన పిదప మాటకు తావు లేదు. వ్యవహారములలో కోర్టు రుసుము చెల్లించినవానికి గెలిచినను ఓడినను తీర్పు ప్రతి యైనను చేతికి వచ్చును. గెలిచినచో ఖర్చులును రావచ్చును. ఇక్కడ గెలిచినవానికి తాను గెలిచితినని చెప్పు దిక్కే లేదు. కూలి చేసి బిడ్డను చదివించు తండ్రి నాలుగు ప్రశ్నలకు ఆక్షేపణ తెలుపదలచినచో ఎనిమిది వందలు ముందుగా తీయవలయును. సందేహము కలిగినవాడు సొమ్ము చూచుకొని నోరు మూసికొనవలసినదేనా?

న్యాయస్థానములు ఈ విషయమున ఏమి చెప్పినవో సాధారణ పాఠకులు తెలిసికొనుట మేలు. 1983లో కాన్పూరు విశ్వవిద్యాలయమునకును సమీర్ గుప్తాకును నడిచిన వ్యాజ్యెములో, వైద్యవిద్యా ప్రవేశపరీక్ష కీ తప్పని విద్యార్థులు వాదించిరి. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు తీర్పునిచ్చుచు, ప్రశ్నకర్త జవాబునే సరియైనదిగా మొదట భావింపవలయునని చెప్పిరి. కాని ప్రామాణిక పాఠ్యగ్రంథములను బట్టి అది తప్పని స్పష్టముగా ఋజువైనచో, సరియైన జవాబు వ్రాసిన విద్యార్థిని దండించుట అన్యాయమనిరి. కీని ఫలితములతోపాటు ప్రకటింపవలయుననియు, ద్వ్యర్థముగల ప్రశ్నలను తొలగింపవలయుననియు సూచించిరి. గుర్తు పెట్టుటతో ముగియు ఈ పరీక్షలలో విద్యార్థికి తన తర్కమును వివరించు అవకాశము లేదు గనుక ప్రశ్న నిస్సందేహముగా ఉండవలయునని ఆ తీర్పు సారాంశము. నలువదియొక్క యేండ్లకు, 2024లో నీట్ వ్యాజ్యెమును విచారించిన ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ గారు ఆయన కుమారులు. తండ్రి హెచ్చరించిన వ్యాధికే కుమారుడు చికిత్స చేయవలసివచ్చినది. నడుమ ఒక తరము గడచినను పరీక్షాసంస్థలు నేర్చుకొన్నది స్వల్పము.

2011లో సుప్రీము కోర్టు, విద్యార్థి తాను వ్రాసి దిద్దబడిన జవాబు పత్రమును సమాచార హక్కు చట్టము క్రింద చూచుకొనవచ్చునని చెప్పినది. ఇది గొప్ప మేలు. కాని 2017 డిసెంబరులో వచ్చిన రణవిజయసింగ్ వ్యాజ్యెపు తీర్పులో, సందేహము కలిగినప్పుడు దాని ప్రయోజనము విద్యార్థికి గాక పరీక్షాసంస్థకే చెందవలయునని అదే కోర్టు అన్నది. పరీక్షలకు ఎప్పుడో ఒకప్పుడు ముగింపు ఉండవలయును, లేనిచో ఉత్తీర్ణులైనవారు ఏండ్ల తరబడి ఎదురుచూడవలసివచ్చునన్నది అందలి ఆలోచన. ఆ ఆలోచనలో సత్యము కలదు. నేరము మోపబడినవానికి సందేహపు ప్రయోజనము దక్కును. పరీక్ష వ్రాసిన బాలునికి మాత్రము దక్కదు. ఇదియే నిలిచియున్న న్యాయమైనప్పుడు, పరీక్షాసంస్థ భుజములపై మఱింత భారము పడవలయును గదా! సందేహపు ప్రయోజనమును పొందువాడు సందేహమునకు తావీయకుండ నడచుకొనవలయును. అధికారము ఒకరిది, నష్టము వేఱొకరిది యను పద్ధతి స్వరాజ్యపు పద్ధతి కాదు.

ఇక భాషను గూర్చి. ఈ సందర్భమున మడికొండ పేరు మఱల తలవవలసియున్నది. మెట్టుగుట్టపై రామలింగేశ్వరుని నీడలో వెలసిన ఈ గ్రామము కాళోజీ నారాయణరావు గారు పెరిగిన ఊరు. 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకములోని రట్టిహళ్లిలో పుట్టి, మడికొండలో చదువు మొదలిడి, న్యాయశాస్త్రము చదివి, నిజాము పాలనలో చెఱసాల కేగిన ధీరుడాయన. ప్రజల నోటి తెలుగునకు గౌరవము కావలయునని జీవితాంతము పోరాడిన ఆయన జన్మదినమునే తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వరంగల్లులోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టితిమి. నీట్ ర్యాంకులను బట్టి ఈ రాష్ట్రపు వైద్యకళాశాలలలో సీట్లు పంచునది ఆ విశ్వవిద్యాలయమే. కాని ఆ ర్యాంకులు వచ్చు పరీక్షలో తెలుగునకు గల స్థానమేమి? తెలుగులో ప్రశ్నపత్రము లభించును, అది సంతోషము. అయితే నియమావళిలో ఒక వాక్యము కలదు: అనువాదములో సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే తుది ప్రమాణము. తెలుగు పత్రము కోరిన బాలిక తెలుగు వాక్యమును చదివి, దానికి సరియైన జవాబు గుర్తించినను, అనువాదకుని తప్పునకు ఆమెయే శిక్ష ననుభవింపవలయునన్నమాట.

ఇది ఊహామాత్రము కాదు. 2018లో మన పొరుగున తమిళనాట ఇట్టిది జరిగినది. నీట్ తమిళ పత్రములో 49 ప్రశ్నల అనువాదము తప్పని వాదన వచ్చెను. తమిళములో వ్రాసిన సుమారు ఇరువదినాలుగు వేల విద్యార్థులకు ప్రశ్నకు నాలుగు చొప్పున 196 మార్కులు కలుపవలసినదిగా మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనము జూలైలో ఆజ్ఞాపించెను. సుప్రీము కోర్టు పది దినములలో దానిని నిలిపి, నవంబరులో కొట్టివేసెను. అన్ని మార్కులు అందఱికిని కలుపుట ఇతరులకు అన్యాయమగునన్న మాటను మేము కాదనము. కాని హైకోర్టు చెప్పిన చికిత్స సరిపడనంత మాత్రమున రోగము లేనట్లగునా? అనువాదమును విషయమెఱిగిన ఉపాధ్యాయులచే ముందుగా సరిచూపించుట ఒక్కటే దీనికి మందు. పరీక్ష ముగిసిన పిదప ఏ కోర్టును ఆ గాయమును పూర్తిగా మాన్పలేదు. జేఈఈ మెయిన్ పరీక్ష 2021 నుండి తెలుగులోను జరుగుచున్నది గాని, ఐఐటీలలో ప్రవేశమునకు చివరి మెట్టయిన జేఈఈ అడ్వాన్స్‌డ్ నేటికిని ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే కలదు. తెలుగువారు పన్నులు కట్టుటకు పనికివచ్చి, తమ భాషలో ప్రశ్న చదువుకొనుటకు పనికిరారా?

మా వాదమునకు ప్రతివాదము లేకపోలేదు. “లక్షల మంది వ్రాయు పరీక్షలో ప్రతివానికి కారణము చెప్పుచు కూర్చుండుట సాధ్యమా?” అని అడుగుదురు. లక్షల మంది వ్రాసినను ప్రశ్నలు లక్షలు కావు. ఈఏపీసెట్ ఒక విభాగమునకు ఆరు విడతలు జరిగినదనుకొన్నను ప్రశ్నలు 960. ప్రశ్నకు మూడు పంక్తుల చొప్పున ఒక చిన్న పుస్తకము. పైగా ప్రశ్నను కూర్చిన పండితుడు దానిని తాను సాధించియే కదా నాలుగు జవాబులలో ఒకటి సరియని నిర్ణయించినది! ఆ సాధన ఆయన చేతిలో ముందే కలదు. దానిని ప్రకటించుటకు అడ్డమేమి? హేతువు వ్రాయలేని ప్రశ్నను కూర్చినవాడు ఆ ప్రశ్నను పత్రములో చేర్పకుండుటయే మేలు.

“కారణములు ప్రకటించినచో వ్యాజ్యెములు పెరుగును” అని మఱికొందఱందురు. మా అనుభవము దీనికి విరుద్ధము. కక్షిదారుడు కోర్టుకెక్కునది తాను ఓడినందుకు మాత్రమే కాదు. తానేల ఓడెనో ఎవరును చెప్పనందుకు. స్పష్టమైన కారణము చదివిన పిదప తన తప్పు తాను గ్రహించి ఊరకుండువారే అధికము. మౌనమే సందేహమును పెంచును. సందేహము పుకారగును, పుకారు వీధికెక్కును.

“ముందు ప్రశ్నపత్రములు లీకు కాకుండ చూడుడు, ఈ సూక్ష్మములు పిదప చూచుకొందము” అనువారును కలరు. 2016 జూలై 9న జరిగిన తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నలు ముందే బయటికి పొక్కిన సంగతి, పరీక్ష రద్దై సెప్టెంబరు 11న మఱల జరిగిన సంగతి మఱచిపోదగినవి కావు. నిజాయితీగా చదివినవారు ఒకే వేసవి చదువును ముమ్మాఱు పరీక్షకు పెట్టవలసివచ్చినది. అట్టి ద్రోహులను దండించుటకు కేంద్రము 2024లో ఒక చట్టము తెచ్చినది. ముఠాగా ఏర్పడి నేరము చేసినవారికి అయిదు మొదలు పదేండ్ల చెఱయు, కోటి రూపాయలకు తక్కువ కాని జరిమానాయు అందు కలవు. మంచిదే. కాని ఆ చట్టము దొంగకు శిక్ష. దొంగ లేకయే జరుగు తప్పు మాటయేమి? నిద్రమత్తులో వ్రాసిన కీ, గుడ్డిగా చేసిన అనువాదము, త్వరపడి ప్రకటించిన ఫలితము, వీనికి చెఱసాల మందు కాదు, ప్రకాశము మందు. నలుగురు చూచుచున్నారని తెలిసిన పనివాడు జాగ్రత్తగా పని చేయును.

త్వరపాటు వెల యెంతటిదో తెలంగాణము 2019 ఏప్రిలులో చూచినది. ఆ యేటి ఇంటర్మీడియట్ ఫలితములలో తప్పులు దొరలినవి. ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి మించిన విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఉత్తీర్ణులు కానివారి పత్రములన్నింటిని రుసుము లేకుండ తిరిగి పరిశీలింప ప్రభుత్వము ఆదేశించినది. ఆ ఆదేశము ఆలస్యముగా వచ్చినను సరియైన ఆదేశము. అడుగకయే, రుసుము లేకయే తన పనిని తాను తిరిగి చూచుకొనుట ప్రభుత్వమునకు సాధ్యమేయని అది నిరూపించినది. ఒక ఘోరము జరిగిన పిదప చేయగలిగినది ముందుగా చేయలేమా?

కావున మేము కోరునవి స్వల్పములు, సాధ్యములు. మొదటిది: ప్రాథమిక కీతోపాటు ప్రతి ప్రశ్నకును హేతువును, పాఠ్యపుస్తకపు పేరు, కూర్పు, పుటలతో సహా ఇంగ్లీషునను తెలుగునను ప్రకటింపవలయును. రెండవది: వచ్చిన ఆక్షేపణలను ప్రశ్నవారీగా కూర్చి, ఏది యేల అంగీకరించిరో, ఏది యేల త్రోసివేసిరో తుదికీతో ప్రకటింపవలయును, ఆక్షేపణ నిలిచినవారికి రుసుము తిరిగి యీయవలయును. మూడవది: అనువాదపు తప్పు విద్యార్థి నెత్తిన పడరాదు. తెలుగు పాఠమును చదివి దానికి సరియైన జవాబు గుర్తించినవానికి మార్కు దక్కవలయును. నాల్గవది: ఈ పనులన్నియు ముగిసిన పిదపనే ర్యాంకులు ప్రకటింపవలయును గాని, ర్యాంకులు ప్రకటించి పిదప దిద్దుకొనరాదు. వీనిలో ఏ యొక్క దానికిని కొత్త చట్టము అక్కఱలేదు. ఉన్నత విద్యామండలి తలచినచో ఒక్క ఉత్తరువుతో తీరును.

ప్రభుత్వమును అడుగుట ఒక యెత్తు; మన కర్తవ్యము మఱియొక యెత్తు. నిజాము కాలమున తెలుగునకు కచ్చేరిలోను కళాశాలలోను చోటు లేనప్పుడు, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు సర్కారు ఉత్తరువు కొఱకు కాచుకొని కూర్చుండలేదు. నాలుగు బల్లలు, పది పుస్తకములు, ఒక దీపముతో పని మొదలిడిరి. నేటి గ్రంథాలయములు, పఠనమందిరములు పరీక్షల వేసవిలో ఒక్క పని చేయగలవు. సాయంకాలము ఒక నల్లబల్ల పెట్టి, గణితమునకొకరు, భౌతికశాస్త్రమునకొకరు, రసాయనశాస్త్రమునకొకరు ఉపాధ్యాయులను పిలిచి, పిల్లలు జ్ఞప్తికి తెచ్చుకొన్న ప్రశ్నలను తెలుగులో సాధించి చూపవచ్చును. మార్కులెన్నియని ఎవరిని అడుగరాదు. ఏల ఇట్లు వచ్చినది యనియే అడుగవలయును. ఆక్షేపణకు తగిన ప్రశ్న యున్నచో అందఱి పక్షమున ఒక్కరు పంపవచ్చును. రుసుము పదిమంది పంచుకొనవచ్చును. కాజీపేటలో, మడికొండలో, హనుమకొండలో నున్న న్యాయవాద మిత్రులు అట్టి ఆక్షేపణలను వ్రాసిపెట్టుటకు వారమున ఒక్క సాయంకాలమును వినియోగింపలేరా?

తల్లిదండ్రులకును ఒక మాట. పరీక్ష వ్రాసి వచ్చిన బిడ్డ నోటి వెంట మొదట వచ్చు మాటను అడ్డగింపకుడు. తప్పు వ్రాసితినని బిడ్డ చెప్పినప్పుడు ఎన్ని మార్కులు పోయినవని లెక్కించుటకు మాఱు, అది యెట్లు సరియగునో నాకు చెప్పుమనుడు. మీకు లెక్క తెలియకపోయినను దోషము లేదు. వివరించుచు వివరించుచు బిడ్డ తన గుండెలోని బరువును దించుకొనును. కోచింగు సంస్థల గోడలపై ఎక్కు ఫొటోలు కొన్నియే. ఎక్కని ముఖములు లక్షలు. ఆ లక్షల ముఖములును మన ఇండ్లలోనివే.

1959లో పండిత జవహర్‌లాల్ నెహ్రూ గారు ఓరుగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసిరి. నేడది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. మడికొండలో 2020 నుండి పెద్ద కంపెనీలు కంప్యూటరు కార్యాలయములు తెఱచినవి. ఈ మన్నులో పుట్టిన బిడ్డ ఆ కళాశాలలో చదివి, ఆ కార్యాలయములో పని చేయవలయునని ఎవరు కోరరు? అక్కడ చేరిన పిదప ఆ బిడ్డను మొదటి దినముననే గురువు అడుగు ప్రశ్న ‘ఏల?’ అనునదే. అక్కడికి పోవు ద్వారముకడ మాత్రము ‘ఏల’ అని అడుగకుమని చెప్పుట ఏమి విద్యానీతి? రాబోవు ప్రవేశపరీక్ష ప్రకటన వెలువడుటకు ముందే ఉన్నత విద్యామండలి ఈ విషయమున తన నిర్ణయమును తెలుపునని ఆశించుచున్నాము. తెలుపనిచో, అడుగుట మానరాదని విద్యార్థులకును, వారి వెంట నిలువవలయునని పెద్దలకును మనవి చేయుచున్నాము.